మూతి పేలినప్పుడు బారసాలకి వెళ్లవచ్చా?

ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 33, ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇంట్లో భర్త, ఆరేళ్ల బాబు. ఇంటర్ రోజుల నుంచీ ఏడాదికి నాలుగైదుసార్లు కింది పెదవి కుడి అంచున పొక్కులు వస్తున్నాయట. ముందురోజు అక్కడ చిమచిమలాడుతుంది, తెల్లారేసరికి ఆవగింజలంత నీటిపొక్కులు గుత్తిగా లేస్తాయి. మానాక మచ్చ ఉండదు. రెండేళ్లుగా మందుల షాపులో ఇచ్చిన ఒక ట్యూబు రాస్తున్నారు. రాసిన పూటకి మంట తగ్గుతోంది గానీ, పోయిన వేసవిలో పుండు మానడానికి 18 రోజులు పట్టింది, ముక్కు కిందికి కూడా పాకింది.

మూడు రోజుల క్రితం మళ్లీ పొక్కులు వచ్చాయి. ఈలోగా ఎవరో చెబితే రక్తపరీక్ష చేయించుకున్నారు. రిపోర్టులో "హెర్పిస్ సింప్లెక్స్ 1, 2 ఐజీజీ పాజిటివ్" అని వచ్చింది. భర్త ఫోన్లో వెతికి "ఇది లైంగిక వ్యాధి, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది?" అని అడిగి, అప్పటినుంచి వేరే గదిలో పడుకుంటున్నారు. వాళ్లమ్మగారేమో "వేడి చేసింది, గుడ్లు మానెయ్" అంటున్నారు. అత్తగారు సాలీడు పాకిందంటున్నారు. ఇవన్నీ ఒక ఎత్తు. పుట్టింట్లో చెల్లెలికి తొమ్మిది రోజుల పాప ఉంది, ఇంకో 12 రోజుల్లో బారసాల. పాప పుట్టిన మూడోరోజు ఆస్పత్రికెళ్లి నుదుటిమీద ముద్దు పెట్టారు. అప్పుడు పొక్కులు లేవు. అయినా ఆ ముద్దు గుర్తొస్తే నిద్ర పట్టడం లేదంటున్నారు. బారసాలకి వెళ్లాలా, మానాలా? పెద్దమ్మ రాకపోతే అందరూ ఏమనుకుంటారు? వెళ్తే పాపకి ఏమవుతుంది?

సమాధానం:

ముందుగా ఆ ముద్దు సంగతి. మీరు రాసిన తేదీల ప్రకారం ముద్దు పెట్టిన రోజుకీ, పెదవి చిమచిమలాడిన రోజుకీ మధ్య కనీసం రెండు రోజుల తేడా ఉంది. వైరస్ ఎక్కువగా బయటికొచ్చేది చిమచిమ మొదలైనప్పటి నుంచి చెక్కు ఊడి కొత్త చర్మం వచ్చేదాకా. పొక్కుల్లేని రోజుల్లో కూడా ఒక్కోసారి లాలాజలంలో కొద్దిగా ఉండొచ్చు కాబట్టి ప్రమాదం సున్నా అని చెప్పను, చాలా తక్కువ. చెల్లెలికి ఈ సంగతి చెప్పి, పాప విషయంలో ఏం గమనించాలో కూడా చెప్పండి. ఆ లక్షణాలు కింద రాశాను. ఆ ముద్దు గురించి ఇంతకు మించి చేయవలసింది లేదు.

ఇప్పుడు ఇది ఏమిటో చూద్దాం. మూతి పేలడం, జ్వరం పేలడం అని మనవాళ్లు ఎప్పటినుంచో అంటున్నది దీన్నే. కారణం హెర్పిస్ సింప్లెక్స్ టైప్ 1 అనే వైరస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 50 ఏళ్ల లోపువారిలో దాదాపు మూడింట రెండొంతుల మందిలో ఇది ఉంది. ఎక్కువమందికి చిన్నప్పుడే, ఇంట్లోవాళ్ల ముద్దుల ద్వారానో ఎంగిలి ద్వారానో సోకుతుంది. చాలామందికి సోకినట్టే తెలియదు. కొందరు పిల్లలకి మాత్రం మొదటిసారి గట్టిగా వస్తుంది. జ్వరం, చిగుళ్లు వాచి రక్తం రావడం, నోరంతా పుళ్లు, వారం పాటు ఏమీ తినలేకపోవడం. మీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం దాదాపు ఎవరి కంటా పడకుండా ఉంది: ఒకటో తరగతిలో నోరంతా పూసి వారం రోజులు మజ్జిగతోనే ఉన్నానని అమ్మ చెబుతుంటుంది అని. మీకు వైరస్ సోకింది అప్పుడే అయి ఉండటానికి చాలా అవకాశం ఉంది. ఈ వాక్యాన్ని పక్కన పెట్టుకోండి, మీవారితో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

ఒకసారి ఒంట్లో చేరాక ఈ వైరస్ పోదు. ముఖానికి స్పర్శనిచ్చే నరం మొదట్లో, చెవికి కాస్త ముందు పుర్రె లోపల ఉండే కణాల ముడిలో నిద్రపోతుంది. జ్వరం, గట్టి ఎండ, నిద్ర చాలకపోవడం, నెలసరి, పంటి వైద్యంలో పెదవి సాగడం, పెదవికి దెబ్బ తగలడం, మనసు బాగా నలగడం, వీటిలో ఏదో ఒకటి దాన్ని లేపుతుంది. లేచాక అదే నరం వెంట దిగి, దాదాపు అదే చోట పైకి తేలుతుంది. అందుకే మీకు ఎప్పుడూ కుడి అంచే. అమ్మగారు అన్న "వేడి" మాటలో సగం నిజముంది. ఒంటి వేడి, ఎండ వేడి దీన్ని లేపుతాయి. గుడ్డుకీ మామిడిపండుకీ మాత్రం సంబంధం లేదు, హాయిగా తినండి. అత్తగారి సాలీడు సంగతీ సరదాగానే ఉంది. హెర్పిస్ అనే మాట గ్రీకులో పాకడం నుంచి వచ్చింది. మన సర్పి కూడా పాకేదే. చర్మం మీద పాకుతున్నట్టు కనిపించేదానికి ఊరూరా ఒకే రకం పేరు పెట్టుకున్నారు, పాకిన జంతువును మాత్రం ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకున్నారు. ఇంట్లో ఉన్న సాలీడు ఏ పాపమూ ఎరగదు.

పెదవి మీద లేచిందల్లా ఇదే కాదు. మీది ఇదేనని నమ్మకంగా అనడానికి మీరు ఇచ్చిన గుర్తులు నాలుగు: ముందు చిమచిమ, తర్వాత గుత్తిగా నీటిపొక్కులు, పెదవికీ చర్మానికీ మధ్య గీత మీద, ప్రతిసారీ అదే చోట. నోటిపూత అయితే పెదవి లోపలి వైపు, బుగ్గ లోపల, నాలుక కింద తెల్లటి గుంట పడి చుట్టూ ఎర్రగా ఉంటుంది. ముందు నీటిపొక్కు రాదు, ఎవరికీ అంటదు. సెలవులు, అంటే నోటి మూలలు, పగలడమైతే రెండు వైపులా చీలి, నోరు తెరిస్తే చురుక్కుమంటుంది. అది ఫంగస్ వల్లనో, ఇనుము, బి విటమిన్ల లోపం వల్లనో, సరిగ్గా కుదరని కట్టుడుపళ్ల వల్లనో వస్తుంది. పిల్లల్లో మూతి చుట్టూ తేనె రంగు చెక్కులు కడితే అది బాక్టీరియా చర్మవ్యాధి, దానికి యాంటీబయాటిక్ కావాలి.

మన దగ్గర ఎక్కువగా పొరబడేది ఇంకొకటి ఉంది, మందు పడక పెదవి పేలడం. అదీ ప్రతిసారీ ఒకేచోట వస్తుంది, అందుకే డాక్టర్లు కూడా ఒక్కోసారి బోల్తా పడతారు. ఫలానా మాత్ర వేసుకున్న కొద్ది గంటల్లో పెదవి మీద గుండ్రంగా ఎర్రబడి, పొక్కి, మానాక నల్లటి మచ్చ నెలల తరబడి మిగులుతుంది. కోట్రైమాక్సజోల్, నార్‌ఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్, ఆర్నిడజోల్, డాక్సీసైక్లిన్, నొప్పి మాత్రలు, కొందరికి పారాసిటమాల్ కూడా దీనికి కారణం. విరేచనాలకని మాత్ర వేసుకున్న ప్రతిసారీ మూతి పేలిందంటే పేచీ మాత్రతోనే. మీకు మచ్చ మిగలడం లేదు, మాత్రలతో ముడి కనిపించలేదని మీరే రాశారు కాబట్టి దీన్ని పక్కన పెట్టవచ్చు. ఖైనీ, గుట్కా, చుట్ట అలవాటున్నవారికి పెదవి మీద పుండు మూడు వారాలు దాటినా మానకపోతే అది వేరే కథ, వెంటనే చూపించాలి.

ఇక ఆ ట్యూబు. పేరు మీరు రాయలేదు, రాయక్కర్లేదు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏదైనా ఉందేమో చూడండి. ఇవన్నీ స్టెరాయిడ్లే. ఒక స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు కలిపిన క్రీములు "అన్నిటికీ పనిచేస్తుంది" అన్న మాటతో చేతికొస్తుంటాయి. స్టెరాయిడ్ వాపునీ మంటనీ అణుస్తుంది, అందుకే రాసిన పూట హాయి. కానీ ఆ మంట అనేది మీ ఒళ్లు వైరస్‌తో చేస్తున్న పోరాటమే. పోరాడేవాళ్లని పడుకోబెట్టి వైరస్‌కి తలుపు తెరిచినట్టు అవుతుంది. పది రోజుల్లో మానవలసింది 18 రోజులు పట్టడం, ముక్కు కిందికి పాకడం, ఆ ట్యూబు వల్లే అయ్యుండాలి. అందులోని యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయదు. ఫంగస్ మందు కూడా అంతే. ఈ రోజునుంచే ఆపేయండి. మీరు పొక్కులొచ్చినప్పుడే రాశారు కాబట్టి ఒక్కసారిగా మానేయడంలో ఇబ్బంది ఉండదు. నెలల తరబడి రోజూ ముఖానికి రాసినవాళ్లకైతే ఆపగానే ఎర్రబడి మంట రేగుతుంది. అలాంటివాళ్లు డాక్టరు చూస్తుండగా ఆపాలి. స్టెరాయిడ్ క్రీములని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. కౌంటర్ దగ్గర అది ఎంత నడుస్తోందో మీకూ తెలుసు.

మరి ఏం వాడాలి? నాలుగు దారులున్నాయి.

ఏమీ వాడకపోవడం కూడా ఒక దారే. ఆరోగ్యవంతులకి ఇది 7 నుంచి 10 రోజుల్లో దానంతటదే మానుతుంది. మొదటి రోజు చిమచిమ, రెండో రోజు పొక్కులు, మూడు నాలుగు రోజులకి పొక్కులు చితికి తడి పుండు. నొప్పి ఎక్కువగా ఉండేది, ఎక్కువగా అంటేదీ అప్పుడే. ఆ తర్వాత చెక్కు కడుతుంది. నవ్వినప్పుడూ ఆవకాయ ముద్ద నోట్లో పెట్టినప్పుడూ చెక్కు పగిలి రక్తం వస్తుంది. పదో రోజుకి చెక్కు రాలుతుంది. ఈలోగా పలుచటి బట్టలో చుట్టిన ఐసు ఐదు నిమిషాలు అద్దడం, నొప్పి ఉంటే పారాసిటమాల్, చెక్కు పగలకుండా పెట్రోలియం జెల్లీ లేదా కొబ్బరినూనె. ఏది రాసినా ఇయర్‌బడ్‌తో అద్దాలి, రుద్దకూడదు. టూత్‌పేస్టు, సున్నం, బూడిద రాయకండి. పుండు ఎండినట్టు కనిపిస్తుంది గానీ చుట్టూ చర్మం కాలి మానడం ఇంకా ఆలస్యమవుతుంది.

రెండోది ఎసైక్లోవిర్ 5 శాతం క్రీము. రోజుకి ఐదుసార్లు, మెలకువగా ఉన్నంతసేపు సుమారు నాలుగు గంటలకోసారి, నాలుగైదు రోజులు. నిజం చెప్పాలంటే లాభం కొంచెమే. సగం రోజో, అంతకి కాస్త అటూఇటో ముందు మానుతుంది. చాలామంది రోజుకి రెండుసార్లు, అదీ పుండు పడ్డాక రాసి పనిచేయలేదంటారు. అలా రాస్తే పనిచేయదు మరి. పిల్లలకి పాఠాలు చెబుతూ గంటగంటకీ చేతులు కడుక్కోవడం కుదరని మీలాంటి వారికి ఇది కొంచెం చాదస్తమే.

మూడోది ఒక్కరోజు మాత్రల కోర్సు. పెద్దవాళ్లకి వాలాసైక్లోవిర్ 2 గ్రాములు ఒకసారి, 12 గంటల తర్వాత మరో 2 గ్రాములు, అంతే. అంటే 1000 మిల్లీగ్రాముల మాత్రలు రెండు ఉదయం, రెండు రాత్రి. ఫామ్‌సైక్లోవిర్ అయితే 1500 మిల్లీగ్రాములు ఒకేసారి. ఇవి అందుబాటులో లేకపోతే ఎసైక్లోవిర్ మాత్రలు రోజుకి ఐదుసార్లు ఐదు రోజులు. లాభం సుమారు ఒక రోజు. ఒక్కరోజేనా అనిపిస్తుంది గానీ, ఆ లాభం కూడా చిమచిమ మొదలైన గంటల్లో వేసుకుంటేనే. ఈ మందులు వైరస్‌ని చంపవు, కొత్త వైరస్ తయారవకుండా అడ్డుపడతాయి. పొక్కులు లేచేసరికి తయారవ్వాల్సిందంతా తయారైపోయి ఉంటుంది. అందుకని ఇవి మీకు ఈసారి పెద్దగా పనికిరావు, మూడో రోజు దాటింది. పనికొచ్చేది వచ్చేసారికి. చర్మవ్యాధుల డాక్టరు దగ్గర ముందే చీటీ రాయించుకుని నాలుగు మాత్రలు హ్యాండ్‌బ్యాగులో ఉంచుకోండి. చిమచిమ రాత్రి పదకొండుకి మొదలైతే మందుల షాపు తెరిచేదాకా ఆగితే సగం పని అయిపోయినట్టే. వేసుకున్న రోజు నీళ్లు బాగా తాగాలి. కిడ్నీ సమస్య ఉన్నవారికి మోతాదు తగ్గించాలి, కాబట్టి సొంతంగా వేసుకోకూడదు. గర్భం కోసం చూస్తున్నా, గర్భవతి అయినా ఆ మాట డాక్టరుకి ముందే చెప్పండి.

నాలుగోది రోజూ మాత్ర. వాలాసైక్లోవిర్ 500 మిల్లీగ్రాములు రోజుకి ఒకటి, లేదా ఎసైక్లోవిర్ 400 రోజుకి రెండు, కొన్ని నెలలపాటు. వేసుకున్నన్నాళ్లు పొక్కులు రావడం బాగా తగ్గుతుంది, మానేశాక మళ్లీ మామూలే. ఏడాదికి ఆరుసార్లు దాటి వస్తున్నవారికి, వచ్చినప్పుడల్లా ఒళ్లంతా దద్దుర్లు లేచేవారికి దీన్ని ఆలోచిస్తారు. మీవి నాలుగైదు, అందులోనూ ట్యూబు వల్ల ముదిరినవి. ముందు ట్యూబు మాని ఆరు నెలలు చూసి అప్పుడు ఆలోచించుకోవచ్చు. అలా కాదు, ప్రతి వేసవీ ఇదే గోల అంటే డాక్టరుతో మాట్లాడండి, అదీ తప్పేం కాదు. ఎండలో బస్‌స్టాపులో నిలబడే రోజుల్లో ఎస్‌పీఎఫ్ 30 ఉన్న లిప్‌బామ్ రాసుకోవడం, గొడుగు పట్టడం ఎలాగూ చేయాలి.

ఒక్క విషయంలో మాత్రం దారులు లేవు. పొక్కు ముట్టుకున్న చేతితో కన్ను నలపకూడదు. కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, ఇసుక పడ్డట్టు గరగరలాడితే అదేరోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇంట్లో ఉన్న కంటి చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే అవి వేస్తే నల్లగుడ్డు దెబ్బతింటుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే అలవాటుంటే మానేదాకా కళ్లద్దాలే.

ఇప్పుడు రిపోర్టు, దాంతోపాటు మీవారు.

ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్ మీ ఒంట్లోకి వచ్చింది, మీ ఒళ్లు దాన్ని గుర్తుపట్టింది అని మాత్రమే. ఎప్పుడు, ఎలా, ఎవరి నుంచి అనే మూడు ప్రశ్నలకీ అందులో జవాబు లేదు. ఏ ల్యాబూ ఇవ్వలేదు. పైగా మీది 1, 2 రకాలు రెండూ కలిపి చేసిన పరీక్ష. రెండింట్లో ఏది ఉన్నా పాజిటివ్ అనే వస్తుంది. పెదవి మీద పదేపదే వచ్చేది దాదాపు ఎప్పుడూ 1వ రకమే. ఐజీఎమ్ అనే ఇంకో రక్తపరీక్ష కూడా చేయించమని ఎవరైనా అంటే వద్దనండి. ఇది కొత్తదో పాతదో అది నమ్మకంగా తేల్చలేదు, తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ. నిజంగా నిర్ధారణ కావాలంటే తాజా నీటిపొక్కులోని ద్రవం దూదిపుల్లతో తీసి పీసీఆర్ చేస్తారు. మీ గుర్తులు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు డాక్టరు దాన్ని కూడా అడగకపోవచ్చు. ఆ రక్తపరీక్ష మీకు అవసరం లేకుండా జరిగింది.

మీవారు ఫోన్లో చూసింది పూర్తిగా అబద్ధం కాదు, అక్కడే చిక్కు. 2వ రకం ఎక్కువగా లైంగికంగా సోకుతుంది. 1వ రకం కూడా నోటి ద్వారా జననాంగాలకి సోకగలదు, కాబట్టి పొక్కులున్న రోజుల్లో ముద్దులూ, నోటితో చేసే శృంగారమూ వద్దు. ఇది మీ ఇద్దరికీ తెలియాల్సిన జాగ్రత్త. కానీ పేరు ఒక్కటే అయినంత మాత్రాన సోకిన దారి ఒక్కటే కాదు. ఆటలమ్మ వైరస్ కూడా హెర్పిస్ కుటుంబంలోదే. ఆటలమ్మ పోసిన పిల్లాణ్ని ఎక్కడ తిరిగొచ్చావని ఎవరూ అడగరు.

ఆయనతో మాట్లాడే విషయంలో మీ ముందు మూడు పద్ధతులున్నాయి. ఒకటి, ఇద్దరూ కలిసి చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లడం. ఇదే మాట మీరు చెబితే సమర్థించుకోవడంలా, డాక్టరు చెబితే సమాచారంలా వినిపిస్తుంది. అన్యాయమే, కానీ ఇంటి వాతావరణం త్వరగా తేలికపడేది ఇలాగే. రెండు, ఆయనకీ పరీక్ష చేయించడం. ఆయనకీ పాజిటివ్ వచ్చే అవకాశమే ఎక్కువ, అప్పుడు గొడవ చప్పబడుతుంది. కానీ నెగెటివ్ వస్తే? అది మీ గురించి ఏమీ రుజువు చేయకపోయినా ఆయన చేతికి ఇంకో కాగితం దొరికినట్టవుతుంది. నేనైతే ఇది సూచించను. మూడు, టైపులు విడివిడిగా చూసే పరీక్ష మీరు చేయించుకోవడం. 1 పాజిటివ్, 2 నెగెటివ్ వస్తే మాట తెగిపోతుంది. కానీ 2కి సంబంధించిన అంకె తక్కువ స్థాయిలో పాజిటివ్ వస్తే అది తప్పుడు ఫలితం కావడం తరచూ జరుగుతుంది. దాన్ని తేల్చడానికి ఇంకో పరీక్ష, ఇంకో వారం నిద్రలేమి. డాక్టరు అవసరమంటే తప్ప ఈ దారి తొక్కకండి. ఒకటో తరగతిలో నోరు పూసిన సంగతి మాత్రం మీ అమ్మగారి చేతే ఆయనకి చెప్పించండి. అనుమానం తీరాక కూడా ఆయన దూరంగానే ఉంటే అప్పుడు సమస్య పెదవిది కాదు. దానికి దంపతుల కౌన్సెలర్ ఉంటారు, ల్యాబ్ కాదు.

మీ బాబు గురించి రెండు మాటలు. మీకు పొక్కులున్నన్నాళ్లు ముద్దులు ఆపండి, గ్లాసు, చెంచా, తువ్వాలు వేరు చేయండి, ఒకే కంచంలో కలిపి తినిపించకండి. మన ఇళ్లలో ఎంగిలి పట్టింపు అంతరించిపోతోంది గానీ, ఈ పది రోజులకి దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి. మీ బ్రష్షు మీకే మళ్లీ అంటిస్తుందన్న భయం అక్కర్లేదు, అది బాబు బ్రష్షుకి తగలకుండా ఉంటే చాలు. వాడికి ఎప్పుడైనా జ్వరంతో నోరంతా పుళ్లు వచ్చి నీళ్లు కూడా తాగకపోతే మొదటి మూడు రోజుల్లోనే పిల్లల డాక్టరుకి చూపించండి. అప్పుడు మందు పనిచేస్తుంది. ఎనిమిది గంటలు మూత్రం పోయకపోతే అదేరోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇక బారసాల. ఉత్తరం మొత్తంలో నిజంగా భయపడాల్సిన విషయం ఇదొక్కటే, ఆ భయం సరైనదే. మనకి పెదవి మీద చిరాకు తెప్పించే ఈ వైరస్, నాలుగు వారాల లోపు పసిగుడ్డుకి సోకితే కాలేయానికీ మెదడుకీ పాకి ప్రాణం తీయగలదు. ఆ వయసులో దాన్ని ఒకచోట ఆపే శక్తి ఇంకా రాదు. తల్లికి ముందునుంచీ ఈ వైరస్ ఉంటే ఆమె రక్తం నుంచి పాపకి కొంత రక్షణ వస్తుంది. మీ చెల్లెలికి ఉందో లేదో తెలియదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

మీ లెక్క చూద్దాం. ఉత్తరం రాసిన నాటికి మూడో రోజు, బారసాల నాటికి పదిహేనో రోజు. ట్యూబు ఆపేస్తే అప్పటికి చెక్కు రాలి కొత్త చర్మం వచ్చి ఉండాలి. ఉండకపోవచ్చు కూడా, పోయినసారి 18 రోజులు పట్టింది కదా. ముందురోజు పొద్దున కిటికీ దగ్గర వెలుతురులో అద్దం పట్టుకుని చూసుకోండి. చెక్కు లేదు, తడి లేదు, పగులు లేదు, చర్మం కేవలం గులాబీ రంగులో ఉంది, అప్పుడు వెళ్లండి. చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కుని పాపని ఎత్తుకోవచ్చు, ఉయ్యాల్లో వేయవచ్చు. ముద్దు మాత్రం పూర్తిగా మానినా వద్దు. చెవిలో పేరు చెప్పే వంతు మీదైతే పెదవి చెవికి తగలకుండా జానెడు దూరం నుంచి చెప్పండి.

చెక్కు ఇంకా ఉంటే? వెళ్లి, మాస్కు పెట్టుకుని, పాపని ఎత్తుకోకుండా వంటింటివైపో, బంధువుల మర్యాదలవైపో ఉండిపోవడం ఒక దారి. కాగితం మీద ఇది బాగానే ఉంటుంది. చిక్కెక్కడంటే, వందమంది ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు "పెద్దమ్మా, నువ్వెత్తుకోవా" అని పాపని ఒళ్లో పెట్టేస్తారు, మాస్కు కిందికి జారుతుంది, ఫోటో కోసం తీయమంటారు. ఆ ఒత్తిడికి నిలబడగలనన్న నమ్మకం మీకుంటేనే వెళ్లండి. ఇంకో దారి, ఆ రోజు వీడియో కాల్లో చూసి, నెల దాటాక తీరిగ్గా వెళ్లడం. నలుగురూ నాలుగు మాటలంటారు, రెండు రోజులకి మరిచిపోతారు. పొక్కులు తడిగా ఉంటే మాత్రం ఇందులో ఎంచుకోవడానికి ఏమీ లేదు, వెళ్లకూడదు.

ఏ దారైనా చెల్లెలికి ముందే ఫోన్ చేయండి. దాచిపెట్టి వెళ్తే ఆ పాపని కాపాడగలిగే మనిషి ఒక్కరూ ఉండరు. "నాకు మూతి పేలింది, ఇది పసిపిల్లలకి మంచిది కాదట, ఎవరైనా పాపని నా చేతికివ్వబోతే నువ్వే ఆపు" అంటే చాలు. ఇంకో మాట కూడా చెప్పండి. మీ ఒక్కరి మూతే కాదు, వచ్చిన చుట్టాల్లో ఎవరి మూతి పేలినా ఇదే నియమం. పాపకి ముద్దులు ఎవరివీ వద్దు. అలాగే పాప నాలుకకి తేనె రాయడం కూడా ఆపించండి. దానికీ ఈ వైరస్‌కీ సంబంధం లేదు, ఏడాది లోపు పిల్లలకి తేనె వల్ల బోట్యులిజం అనే వేరే ప్రమాదం ఉంది.

చెల్లెలు గమనించాల్సినవి ఇవి. పాప పాలు తాగడం బాగా తగ్గిపోవడం, పిలిచినా కదిపినా మగతగా ఉండటం, ఒళ్లు కాలడం లేదా చల్లబడిపోవడం, ఊపిరి వేగంగా తీయడం, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, ఒంటిమీద ఎక్కడైనా నీటిపొక్కులు, కంట్లో పుసితో ఎరుపు. ఆరు వారాలు నిండేలోపు వీటిలో ఏది కనిపించినా తెల్లారనిద్దాం అనుకోకుండా నవజాత శిశువుల విభాగం ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లి, "ఇంట్లో ఒకరికి పెదవి మీద హెర్పిస్ ఉంది" అన్న వాక్యం మొదట చెప్పాలి. ఆ ఒక్క మాటతో వైద్యం గంటల ముందు మొదలవుతుంది. ఎసైక్లోవిర్ నరంలోకి ఎక్కిస్తారు, 14 నుంచి 21 రోజులు. తొందరగా మొదలుపెట్టిన పిల్లల్లో ఫలితం చాలా మెరుగ్గా ఉంటుంది.

డాక్టరు దగ్గరికి ఈ వారమే వెళ్లండి. ఆ ట్యూబు, ఆ రిపోర్టు రెండూ సంచిలో పెట్టుకోండి. పొక్కుల ఫోటో ఈ రోజే ఒకటి తీసి ఉంచండి, అపాయింట్‌మెంటు దొరికేసరికి అవి చితికిపోయి ఉంటాయి.